ఎలుక చెవీ, మా అక్క కూతురి చెవీ

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమైనట్టు నటించాను. రెండు వేల నాలుగో, అయిదో. ఏలూరులో జువాలజీ ఎమ్మెస్సీ పూర్తయి, ఇంటర్ పిల్లలకి కప్ప బొమ్మలు గీసి చూపించే ట్యూషన్లతో విసుగెత్తిపోయి ఉన్న రోజులు. తాడేపల్లిగూడెంలో స్టేషన్‌కి దగ్గర్లో ఒక మేడ మీద ఎవరో కంప్యూటర్ ఆఫీసు తెరిచారనీ, జువాలజీ చదివినవాళ్ళు కావాలనీ విని వెళ్ళాను. కింద బియ్యం వ్యాపారి కొట్టు. మెట్లెక్కుతుంటే తవుడు వాసన. పైన ఏసీ గది, పది తెరలు, ఆ తెరల నిండా ఎలుకలు.

ఎలుకలంటే తిరిగే ఎలుకలు కాదు. ఇంకా తల్లి కడుపులో ఉన్న పిల్లలు. ఎక్కడో విదేశంలో వాటిని కాగితం కన్నా పల్చగా పొరలు పొరలుగా కోసి, ఒక మందులో నానబెట్టి, ఫొటోలు తీసి సీడీల్లో మాకు పంపేవాళ్ళు. ఏదో ఒక జన్యువు ఆ ఒంట్లో ఎక్కడ పనిచేస్తోందో అక్కడ మాత్రమే ఊదారంగు పడుతుంది. ఒక జన్యువుకి గుండె నిండా రంగు. ఇంకోదానికి వెన్నుపాములో సన్నటి చార. మేం ఆ భాగం చుట్టూ గీత గీసి, పక్కనున్న గడిలో గుర్తు పెట్టాలి. బలంగా ఉంది, మధ్యరకంగా ఉంది, పల్చగా ఉంది, లేదు. ఇలా వేల జన్యువులకి పటాలు తయారైతే, బిడ్డ కడుపులో రూపుకట్టేటప్పుడు ఏది ఎప్పుడు ఎక్కడ పని మొదలుపెడుతుందో, అది చెడితే ఏ జబ్బు వస్తుందో తెలుస్తుందని చెప్పారు.

"అయితే ఎలుకల్ని చంపుతావా?" అని అడిగింది అమ్మ.

"నేను చంపనమ్మా. నా దగ్గరికి వచ్చేటప్పటికే చచ్చిపోయుంటాయి."

అమ్మకి అది నచ్చలేదు. అయినా ఆదివారం చర్చి అయ్యాక బయట నిలబడి, "మా చిన్నది జీన్ల మీద పరిశోధన చేస్తోందండీ" అని అందరికీ చెప్పుకునేది. పరిశోధన నా మొహం. వాళ్ళెవరో వేసిన రంగు చుట్టూ గీత గీయడం కూడా పరిశోధనేనా? కానీ నేను ఎప్పుడూ కాదనలేదు. పాస్టరుగారు నన్ను "డాక్టరమ్మా" అని పిలిచినా నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకి తర్వాత చాలా పెద్ద శిక్షే పడింది.

పని చేసేకొద్దీ గందరగోళం పెరిగింది. ఒంట్లో ప్రతి కణంలోనూ అన్ని జన్యువులూ ఉంటాయని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కంటికి పనికొచ్చేది కాలిగోటి దగ్గరా ఉంటుంది, కాకపోతే అక్కడ నోరు మూసుకుని ఉంటుంది. రాసేటప్పుడు బాగానే ఉండేది. తెర మీద చూస్తే తల తిరిగిపోయేది. నిన్న చెవిలో కనిపించిన జన్యువే ఇవాళ కాలేయంలో కనిపించేది. చెవికీ కాలేయానికీ ఏమిటి చుట్టరికం? దానికి సరైన పేరైనా ఉండదు, మూడు అక్షరాలూ ఒక అంకె. సాయంత్రం పాసింజరు రైల్లో ఏలూరు తిరిగొస్తుంటే, ఎదుటి సీట్లో వాళ్ళ చెవులూ ముక్కులూ చూస్తూ అక్కడ ఇప్పుడు ఏవి పనిచేస్తున్నాయో, ఏవి పడుకున్నాయో అనుకునేదాన్ని. ఒకసారి భీమడోలులో ఎక్కిన ఆవిడ, "ఏంటమ్మా, అలా చూస్తన్నారు, నా చెవిదిద్దు పడిపోయిందా?" అని తడుముకుంది.

మా పని సరిచూడటానికి ఒక మాస్టారు ఉండేవారు. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. గొంతు పెంచి ఎరగరు. నేనేమో ఇట్టే భగ్గుమనే రకం. చేరిన కొత్తల్లో ఆయన నా పనంతా వెనక్కి పంపారు.

"అమ్మా, ఈ పొరలో చెవి ఉందా అండీ?" అన్నారు, తెర మీద పెన్నుతో చూపిస్తూ.

"లేదండీ."

"మరి చెవి దగ్గర 'లేదు' అని పెట్టారేంటండీ?"

"రంగు కనపడలేదు కదండీ."

"చెవే కనపడనప్పుడు రంగెలా కనపడుద్దమ్మా? ఈ పొర చెవి పక్కనుంచి కోసింది. మీరసలు చెవిని చూడలేదు. అయిదో గడి ఉంది చూడండి, 'చూడలేదు' అని, అందులో పెట్టాలి. మీరు 'లేదు' అని పెట్టేశారనుకోండి, అవతల ఎవరో మీ మాట నమ్మి, ఈ జన్యువుకీ చెవికీ సంబంధం లేదనుకుని వదిలేస్తారు."

"అలాగేనండీ" అన్నాను. లోపల మాత్రం తిట్టుకున్నాను. రోజుకి ఇన్ని బొమ్మలని లెక్క పెట్టి ఇస్తారు, చూడనిది కూడా చూడలేదని రాస్తూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేను? ఇంత చాదస్తమా అనుకున్నాను. ఆ తర్వాత ఆఫీసులో ఆ తప్పు మళ్ళీ చేయలేదు. ఇంట్లో చేశాను.

మా అక్క నాకన్నా మూడేళ్ళు పెద్దది. కొల్లేటి పక్కన చేపల చెరువు చేసే మా మావయ్య కొడుకుని చేసుకుంది. మావయ్య అమ్మకి సొంత తమ్ముడు. ఎవరూ బలవంతం పెట్టలేదు. చిన్నప్పటినుంచీ బావంటే దానికి ప్రాణం. అడ్డం పడింది నేనొక్కదాన్నే. అప్పుడే పుస్తకాల్లో చదివిన వేడి మీద ఉన్నాను. దగ్గరి రక్తం, పిల్లలకి ఏదో ఒకటి వస్తుంది, వద్దు అని భోజనాల దగ్గర గోల చేశాను. "మనిళ్ళల్లో అన్నీ మేనరికాలేనే, అందరూ గుండ్రాళ్ళలా లేరూ?" అంది అమ్మ. అక్క నెల రోజులు నాతో మాట్లాడలేదు. పెళ్ళినాడు చర్చిలో దాని పక్కన నిలబడ్డానన్న మాటేగానీ, నన్ను చూసి నవ్వలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నరకి పాప పుట్టింది. ఆసుపత్రికి పరుగెత్తి మొదట చేసిన పని దాని వేళ్ళు లెక్కపెట్టడం. పదీ పదీ ఇరవై సరిగ్గా ఉన్నాయి. కళ్ళు తెరిచి చూస్తోంది. నాకెంత సిగ్గేసిందో చెప్పలేను. అక్క నా మొహం చూసి, "ఏమే, అన్నీ ఉన్నాయా?" అంది. అన్నీ ఉన్నాయన్నాను. పెళ్ళయ్యాక మొదటిసారి నా చెయ్యి పట్టుకుంది.

అక్క వాళ్ళ ఇల్లు చెరువు గట్టుకి ఆనుకునే ఉంటుంది. కొల్లేటి నుంచి నీటికాకులు గుంపులు గుంపులుగా వచ్చి పడి చేపపిల్లల్ని తినేస్తాయి. అందుకని తెల్లవారేసరికి గట్ల మీద మనుషులు రేకు డబ్బాలు వాయిస్తారు, టపాకాయలు పేలుస్తారు. అక్కడ పడుకున్న మొదటి ఉదయం నేను ఉలిక్కిపడి మంచం దిగిపోయాను. పక్కన ఉయ్యాల్లో పాప హాయిగా నిద్రపోతోంది. అలా ఎలా పడుకుందని అడిగితే అత్తయ్య మురిసిపోయింది.

"చెరువు మీద పుట్టిన పిల్ల కదమ్మా. దానికి ఇయ్యన్నీ జోలపాటే. మాయదారి కాకులు ఎంత గోల చేసినా కదలదు. బంగారు తల్లి."

ఆ గట్ల మీద ఇళ్ళన్నిట్లోనూ అదే మాట. పిల్ల టపాకాయలకి లేవకపోతే చెరువు అచ్చొచ్చిన పిల్ల అని. నాకూ అది ముచ్చటగానే అనిపించింది.

పాపకి పదో నెల. ఒక ఆదివారం వెళ్ళాను. అత్తయ్య పెరట్లో ఉంది, బావ చెరువు మీద ఉన్నాడు. అక్క పాపని ఒళ్ళో వేసుకుని, నా వైపు చూడకుండా అడిగింది.

"నువ్వు చెవులవీ చూస్తావంట కదే ఆఫీసులో. దీని చెవులు ఒకసారి చూడు. పిలిస్తే తిరగట్లేదనిపిస్తోంది."

చూడటమంటే ఏం చూశాను? బయటి చెవి చూశాను. గులాబీ రంగులో, మడతలు చక్కగా ఉన్నాయి. పాప నన్ను చూసి నవ్వింది. అక్క గొంతులో వణుకుంది. ఆ వణుకు నాకు తెలిసింది. తెలిసే, దాన్ని ఆపేయాలనుకున్నాను. ఈ పెళ్ళి వద్దని గోల చేసినదాన్ని నేనే. ఇప్పుడు నేనే అనుమానం అంటే, అప్పుడే చెప్పానుగా అన్నట్టుంటుంది. చచ్చినా ఆ మాట నా నోట రాకూడదనుకున్నాను.

"ఏం లేదక్కా" అన్నాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? "కడుపులో ఉండగానే చెవి తయారైపోతుంది. అప్పటినుంచీ ఈ డబ్బాలూ టపాకాయలూ వినీ వినీ దానికి అలవాటైపోయాయి. అవసరం లేని శబ్దాన్ని మెదడే పక్కన పెట్టేస్తుంది. మేం రోజూ చూస్తూనే ఉంటాం" అని కూడా అన్నాను. మేం రోజూ చూసేది ఎలుకల్ని. అవి డబ్బాల మోతకి అలవాటు పడ్డాయో లేదో నాకేం తెలుసు? ఆ క్షణంలో ఆ వాక్యం ఎక్కడనుంచి ఊడిపడిందో ఇప్పటికీ అర్థం కాదు. విన్నాక నాకే నిజమనిపించింది.

ఆ సాయంత్రం అక్క అత్తయ్యకీ బావకీ నా మాట అప్పజెప్పింది. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పావు చాలమ్మా" అంది అత్తయ్య. నాకు కొరమీను పులుసు పెట్టి, మిగిలింది గిన్నెలో కట్టి బస్సెక్కించారు.

ఆ తర్వాత ఏడాది ఎవరూ ఆ ఊసెత్తలేదు. పాప నడిచింది. మాట రాలేదు. ఆడపిల్లలకి మాట తొందరగా వస్తుంది కదా అని ఎవరైనా అంటే, బావకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయని అత్తయ్య సర్దేసేది. నేనూ తలూపేదాన్ని.

ఒకసారి, చెరువులో చేపలన్నీ పట్టి లారీకెక్కించే పట్టుబడి రోజు. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. గట్టు మీద ట్రేలు, వలలు, జనం. ఐసు లారీ వెనక్కి వస్తోంది. వెనక్కొచ్చేటప్పుడు అదేదో పాట వాయించే లారీ. పాప గట్టు మధ్యలో గొంతుక్కూచుని నత్తగుల్లలు ఏరుకుంటోంది, లారీకి వీపు పెట్టి. క్లీనరు అరిచాడు. బావ అరిచాడు. వల లాగుతున్నవాళ్ళంతా అరిచారు. పాట దగ్గరికొస్తోంది. పిల్ల తల కూడా తిప్పలేదు. నేను దగ్గర్లో ఉన్నాను కాబట్టి పరుగెత్తి ఎత్తుకున్నాను. అప్పుడు భయపడి ఏడ్చింది, నేను హఠాత్తుగా ఎత్తుకున్నందుకు. లారీ ఆగింది. పాపని భుజానికి ఆనించుకుని దాని చెవి పక్కనే పేరు పెట్టి పిలిచాను. మళ్ళీ పిలిచాను. అది నా జడ పట్టుకుని లాగుతూ ఏడుస్తూనే ఉంది.

ఆ వారమే విజయవాడ తీసుకెళ్ళాం. పాపకి మందిచ్చి నిద్రపుచ్చి, తలకి వైర్లు అంటించి, చెవుల్లోకి శబ్దం పంపి, మెదడు పలుకుతోందో లేదో చూశారు. గీత తిన్నగా వచ్చింది. రెండు చెవులూ. డాక్టరుగారు చాలా నెమ్మదస్తురాలు.

"మేనరికమా అండీ?" అని అడిగారు. అక్క, బావ, అమ్మ, అత్తయ్య, నలుగురూ నేల చూశారు. నేనే అవునన్నాను.

"ఏడాది లోపు తెచ్చుంటే చెవులకి మిషను పెట్టి మాట నేర్పడం కాస్త తేలికయ్యేది. ఇప్పుడైనా మొదలుపెడదాం. బాగా కష్టపడాలమ్మా" అన్నారు అక్కతో.

ఏడాది లోపు అంటే పదో నెల కూడా ఏడాది లోపే. ఆ లెక్క వేయడానికి నాకు ఎమ్మెస్సీ అక్కర్లేదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. ఆ రోజు సీడీలో వచ్చిన పొరలు తల మధ్యనుంచి కోసినవి. లోపలి చెవి తెర మీద నిలువునా వచ్చింది, చుట్లు తిరిగి. ఆ చుట్లలో ఒకచోట సన్నగా, ముదురుగా ఊదారంగు. ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు దాని చుట్టూ గీత గీశానో. గీత గీయడమే తప్ప, ఇది లేకపోతే ఒక పిల్లకి తల్లి గొంతు వినపడదని ఒక్కసారీ అనుకోలేదు. గీయలేక కూర్చుంటే మాస్టారు వచ్చి అడిగారు. చెప్పేశాను. టపాకాయల సంగతీ, నా ఉపన్యాసం సంగతీ అన్నీ.

ఆయన తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. కాగితం తీసుకుని మనిషికో గుండ్రం చొప్పున మా కుటుంబాన్ని గీశారు.

"పరీక్ష చేస్తే తప్ప ఖాయంగా చెప్పలేం గానీ, ఇలా జరిగుండొచ్చమ్మా. మీ అమ్మమ్మగారి దగ్గరో, తాతగారి దగ్గరో ఒక చెడ్డ కాపీ ఉంది. పక్కన మంచిదొకటి ఉంటే చెవికి చాలు, అందుకని ఎవరికీ తెలీదు. అది మీ అమ్మగారికొచ్చింది, మీ మావయ్యగారికీ వచ్చింది. అక్కణ్ణుంచి అక్కగారికీ, బావగారికీ. పాప దగ్గరికి రెండువైపులనుంచీ చెడ్డదే చేరింది."

"మరి నాకూ ఉంటుందా అండీ?"

"ఉండొచ్చు, లేకపోవచ్చు. సగానికి సగం."

"వాళ్ళకి ఇంకో బిడ్డ పుడితే?"

"నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకి వచ్చింది కదా అని రెండో బిడ్డకి తగ్గదమ్మా. ప్రతిసారీ అంతే."

ఇంట్లో అప్పటికే యుద్ధం మొదలైంది. "మా పుట్టింటి వైపు ఏడు తరాల్లో లేదు వదినా" అని అత్తయ్య. "మా వైపు మాత్రం ఎవరికుంది?" అని అమ్మ. విచిత్రమేమిటంటే మాస్టారి బొమ్మ ప్రకారం అత్తయ్య అన్నది నిజమే కావచ్చు. అమ్మకి ఆ కాగితం చూపించి, వేలు పెట్టి చెప్పాను. అమ్మ చాలాసేపు చూసింది. పైనున్న అమ్మమ్మ గుండ్రం మీద వేలు పెట్టింది.

"సమాధిలో ఉన్న మనిషి మీద వేస్తావా?"

"వేయడం కాదమ్మా, దారి చూపిస్తున్నా."

"ఏం దారే? మొన్న ఏం లేదన్నావు. ఇప్పుడు అందరి దగ్గరా ఉందంటున్నావు. ఏ మాట నమ్మాలి?"

కాగితం మడిచి పుస్తకంలో పెట్టేశాను.

పాపకి మిషను పెట్టారు. ఛాతీ మీద చిన్న పెట్టె, అందులోంచి చెవులకి రెండు వైర్లు. మాటలు నేర్పే టీచరు ఏలూరులో ఉండటంతో అక్క మా వీధిలోనే గది తీసుకుంది. రోజంతా పాప ఎదురుగా కూర్చుని "అమ్మ, పాలు, కాకి" అని వందలసార్లు అనేది. బావ శనివారాలు చేపలు పట్టుకొచ్చి, ఆదివారం వెళ్ళిపోయేవాడు. ఇన్ని నెలల్లో అక్క నన్ను ఒక్క మాట అనలేదు. మనసులో తిట్టుకుంటోందా? క్షమించేసిందా? అసలు మరిచిపోయిందా? మొహం చూస్తే ఏమీ తెలిసేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, బావ వెళ్ళాక, అక్క పెరట్లో కూర్చుని కొరమీనుకి ఉప్పు వేసి బండకేసి రుద్దుతోంది. పాప లోపల పడుకుంది. ఇంక ఆగలేక చెప్పేశాను.

"అక్కా, ఆ రోజు నేను దాని చెవి చూడలేదే. నాకేం తెలీదు. ఆ టపాకాయల సంగతీ మెదడు సంగతీ అంతా నోటికొచ్చినట్టు అల్లేశాను. ఏడాది పోయింది నావల్ల."

అక్క చేతులు ఆగలేదు.

"నాకు తెలుసే" అంది.

"నేను అల్లానని తెలుసా?"

"దానికి వినపడదని తెలుసు. ఎనిమిదో నెల్లోనే తెలుసు. మీ బావ చెరువు మీదకెళ్ళాక వెనక నుంచుని పిలిచేదాన్ని. పళ్ళెం పడేసేదాన్ని. రోజూ చూసేదాన్ని."

"మరి నన్నెందుకడిగావు?"

"ఈ పెళ్ళి వద్దన్నది నువ్వొక్కదానివే కదా. అలాంటిదానివి నువ్వే ఏం లేదన్నావంటే, ఇంక లేనట్టే అనుకున్నా. ఉందన్నావనుకో, నేను పట్టుబట్టి చేసుకున్నదానికి పిల్ల అనుభవిస్తున్నట్టే కదే. నువ్వలా చెప్తా ఉంటే తిరిగి ఒక్క మాటైనా అడిగానా? అడిగితే ఎక్కడ నిజం చెప్పేస్తావోనని."

నాకు కోపం రావాలో, ఏడవాలో తెలియలేదు. ఇన్ని నెలలుగా నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నదాన్ని అక్క అంతకుముందునుంచే మోస్తోంది. అలాగని నా బరువు తగ్గిందా అంటే తగ్గలేదు. అది కళ్ళు మూసుకోవాలనుకుంది, నేను మూశాను. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో ఇప్పటికీ తేల్చుకోలేను.

అక్క చేప కడిగి గిన్నెలో వేసింది. చేతులు చీర కొంగుకి తుడుచుకుంది.

"మళ్ళీ నెల తప్పాను. మూడో నెల. మీ బావకి కూడా ఇంకా చెప్పలేదు" అంది.

నేను నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టింది.

"పుట్టిన వారంలోనే విజయవాడ తీసుకెళ్తాను. నువ్వు నా పక్కనుండాలి. కానీ నాకేం చెప్పకు. ఏం కాదని చెప్పకు, ఏమవుద్దో కూడా చెప్పకు. ఊరికే పక్కన కూర్చో."

మూడో నెలకి లోపలి చెవి చుట్లు తిరగడం దాదాపు అయిపోతుంది. మంచిదో చెడ్డదో, అక్కడికి రావలసింది వచ్చేసి ఉంటుంది. ఇది మాత్రం నాకు నిజంగా తెలుసు. నాలిక చివరిదాకా వచ్చింది.

"వస్తాను" అన్నాను.